కెమెరా చదువుకి హైదరాబాదే దిక్కా?

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, బళ్లారి బస్టాండైనా హోసూరు బస్టాండైనా బరంపురం స్టేషన్ రోడ్డయినా కొత్త ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఫిల్మ్ మేకింగ్ డిప్లొమా, ఆరు నెలల్లో ఫొటోగ్రఫీ, ఉద్యోగం గ్యారంటీ! ఫోన్లో రీళ్లు తీసి, ఫోన్లోనే ఎడిట్ చేసుకునే పిల్లలు ఇంటింటా ఉన్నారు. కాబట్టి 'నాన్నా, నేను కెమెరా నేర్చుకుంటా' అనే మాట ఇప్పుడు వింతేం కాదు. తండ్రికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఎక్కడ చేర్పించాలి? మనవాళ్లలో చాలామంది దానికి రెండో ఆలోచన లేకుండా చెప్పే జవాబు హైదరాబాద్. సినిమా అక్కడుంది కాబట్టి చదువూ అక్కడే ఉంటుందని లెక్క.

ఈ లెక్క సగమే నిజం. మిగతా సగానికి ఎకరమో అరెకరమో అమ్ముకోవాల్సి రావచ్చు.

ముందు స్థానికత సంగతి చూద్దాం. హైదరాబాద్‌లో ప్రభుత్వ పరంగా పేరున్న చోటు జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ. అక్కడ ఫొటోగ్రఫీలో నాలుగేళ్ల బీఎఫ్ఏ ఉంది. మంచి కోర్సే. కానీ 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం అక్కడి రాష్ట్ర యూనివర్సిటీల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికుడు కావాలంటే అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. ఇంట్లో ఏడు తరాలుగా తెలుగే మాట్లాడుతున్నా, కోలారులోనో కృష్ణగిరిలోనో చదివిన పిల్లవాడు అక్కడ నాన్‌లోకలే. ప్రభుత్వ సీటు దొరకడం కష్టం. ఇక మిగిలేది ప్రైవేటు అకాడమీ, లక్షల్లో ఫీజు, దానిపైన హాస్టలు ఖర్చు.

ఇంకో చిక్కుంది. ఇది మన సరిహద్దు ఇళ్లకే ప్రత్యేకం. ముళబాగిలు, బాగేపల్లి ప్రాంతాల నుంచి పిల్లల్ని ఇంటర్‌కి మదనపల్లెకో హిందూపురానికో పంపడం మామూలే. రెండేళ్లే కదా అనుకుంటాం. ఆంధ్రలో నాలుగేళ్లు నిండవు. ఇటు కర్ణాటక సీఈటీలో ఏడేళ్ల చదువు లెక్క చూస్తారు, మధ్యలో బయటికెళ్తే ఆ లెక్కా అడ్డం తిరగొచ్చు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. ఏ కోర్సు ఎంచుకోవాలన్న ఆలోచన కన్నా ముందు స్టడీ సర్టిఫికెట్లన్నీ ఒకచోట పెట్టి సంవత్సరాలు లెక్కపెట్టుకోవడం మేలు.

పెరట్లో ఉన్న చెట్లు

మరి స్థానికత ఉన్న చోట ఏముంది? అక్కడే మనవాళ్లకి తెలియనివి చాలా ఉన్నాయి.

కర్ణాటకనే తీసుకోండి. బెంగళూరు శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్‌లో 1940ల్లోనే సినిమాటోగ్రఫీ, సౌండ్ రికార్డింగ్ నేర్పారు. గురుదత్ సినిమాలకు వెలుగునీడలు కూర్చిన వి.కె.మూర్తి ఆ తొలి విద్యార్థుల్లో ఒకరు. 1959లో వచ్చిన 'కాగజ్ కే ఫూల్' ఆయన పనే. 2008 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నారు. గోవింద్ నిహలానీ కూడా అక్కడే చదివారు. ఆ విభాగాలే తర్వాత హెసరఘట్టకు వెళ్లి ప్రభుత్వ ఫిల్మ్, టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌గా నడుస్తున్నాయి. పాలిటెక్నిక్ పద్ధతి డిప్లొమా, సర్కారు ఫీజు. కోలారు, చిక్కబళ్లాపురం పిల్లలకి ఇంతకన్నా దగ్గరేముంది?

తమిళనాడులో అయితే మద్రాసు తరమణిలోని ఎంజీఆర్ ప్రభుత్వ ఫిల్మ్, టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్. పాతవాళ్లు ఇప్పటికీ 'అడయార్ ఇన్‌స్టిట్యూట్' అనే అంటారు. తెలుగు 'గీతాంజలి' సినిమాకి 1989లో కెమెరా పట్టిన పి.సి.శ్రీరాం ఈ గడప దాటి వెళ్లినవారే. ఒకప్పుడు డిప్లొమాలుండేవి, ఇప్పుడు నాలుగేళ్ల బ్యాచిలర్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్ డిగ్రీ. సినిమాటోగ్రఫీ, ఎడిటింగ్, ఆడియోగ్రఫీ, దర్శకత్వం, యానిమేషన్ వేర్వేరు శాఖలు. (చిరంజీవి, రజనీకాంత్ చదివింది ఇక్కడే అని కొందరు చెబుతుంటారు. వాళ్లు నటన నేర్చుకున్నది మద్రాసులోనే, కానీ ఫిల్మ్ చాంబర్ నడిపిన వేరే ఇన్‌స్టిట్యూట్‌లో.) ఒడిశా తెలుగువాళ్లకి కటక్‌లో బిజూ పట్నాయక్ పేరుమీద ఉన్న ఫిల్మ్, టెలివిజన్ సంస్థ ఉంది. కెమెరా, సౌండ్, ఎడిటింగ్‌లో మూడేళ్ల డిప్లొమాలు. బరంపురం నుంచి కటక్ ఎంత దూరమని?

యానాం వాళ్లది వేరే కథ. కాకినాడ పక్కనే ఉన్నా వాళ్లు పుదుచ్చేరి లెక్కలోకి వస్తారు. దేశంలో కమ్యూనిటీ కాలేజీ అనే పద్ధతికి నాంది పలికింది 1995లో పుదుచ్చేరి యూనివర్సిటీయే. తర్వాత 2013-14 నుంచి యూజీసీ దీన్ని దేశమంతటికీ తెచ్చింది. ఏడాది చదివితే డిప్లొమా, రెండేళ్లకి అడ్వాన్స్‌డ్ డిప్లొమా, ఇంకో ఏడాది చదివితే బీవోక్ డిగ్రీ. ఇంట్లో ఇబ్బంది వచ్చి మధ్యలో ఆగిపోయినా చేతిలో కాగితం ఉంటుంది. షోలాపూర్ మరమగ్గాల ఇళ్ల పిల్లలకైనా, రాయగడ పిల్లలకైనా ఈ పద్ధతి పనికొస్తుంది. దగ్గర్లోని ఏ కాలేజీలో ఫొటోగ్రఫీయో వీడియో ప్రొడక్షనో ఉందో యూనివర్సిటీలో అడగాలి. ఉన్నచోట చిన్న కోర్సే కదా అని తీసిపారెయ్యొద్దు. పైగా నేర్చుకుంటూ ఊళ్లో పనికీ పోవచ్చు.

డిప్లొమానా, డిగ్రీనా?

ఇక్కడ తొందరపడితే తర్వాత దారి మూసుకుపోతుంది. పుణె ఎఫ్‌టీఐఐ సంగతి అందరికీ తెలుసు. ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో మొదలైంది. 'బాహుబలి' కెమెరామన్ సెంథిల్ కుమార్ అక్కడివారే. అక్కడి మూడేళ్ల పెద్ద సినిమా కోర్సుల్లో చేరాలంటే డిగ్రీ ఉండాలి. సౌండ్ రికార్డింగ్‌కైతే ఇంటర్‌లో ఫిజిక్స్ కూడా చదివుండాలి. 'సినిమాకి ఫిజిక్స్ ఎందుకు?' అని ఆర్ట్స్‌లో చేరిన పిల్లవాడికి ఆ తలుపు అప్పుడే మూసుకుంటుంది. పాలిటెక్నిక్ డిప్లొమా డిగ్రీతో సమానం కాదు. పుణె కల ఉన్నవాడు ఇంటర్ తర్వాత డిగ్రీ దారి పట్టాలి. త్వరగా సంపాదన కావాల్సిన ఇంటికి డిప్లొమా చాలు. రెండూ తప్పు కాదు, ముందే తేల్చుకోవాలి.

ఎఫ్‌టీఐఐ అన్నా మూడేళ్లు మూడేళ్లలో అవుతాయనుకోవద్దు. 2008లో చేరిన బ్యాచ్ పని 2015లో కూడా తెమలలేదు. ఆ ఏడాదే అక్కడ 139 రోజుల సమ్మె జరిగింది. అన్నేళ్లు పుణెలో పెట్టి పోషించే స్తోమత ఎంతమందికుంటుంది?

ప్రైవేటు అకాడమీలన్నీ మోసమనడం సరికాదు. అనుభవమున్న టెక్నీషియన్లు నడిపేవీ ఉన్నాయి. కాకపోతే డబ్బు కట్టేముందు గట్టిగా అడగండి. అడగడానికి మొహమాటమెందుకు? కెమెరాలు ఎన్ని, ఒక్కో దానికి ఎంతమంది పిల్లలు? ఏడాదిలో మావాడు సొంతంగా ఎన్నిసార్లు షూట్ చేస్తాడు? లైట్లు మీవా, అద్దెకి తెస్తారా? ఈ డిప్లొమా ఇచ్చేది ఏ యూనివర్సిటీ? గోడమీద ఫొటోలో ఉన్న పెద్ద డైరెక్టర్ రోజూ వస్తాడా, ఏడాదికోసారి దండ వేయించుకోడానికి వస్తాడా? కిందటేడు బయటికెళ్లిన ఇద్దరు పిల్లల్ని కలవనిస్తారా? ఈ చివరి ప్రశ్నకి నీళ్లు నమిలితే అక్కడినుంచి లేచి రావడమే. ఫ్లెక్సీ మీద రాసిన ప్లేస్‌మెంట్ మాటని కాగితం మీద రాసిమ్మని కూడా అడిగి చూడండి.

చదివాక ఏంటి? హైదరాబాద్‌లోనూ మద్రాసులోనూ సినిమా సెట్‌లో పనికి యూనియన్ కార్డు ఉంటుంది. దానికి సభ్యత్వ రుసుము వేరు. ఏ డిప్లొమా చేతిలో ఉన్నా అసిస్టెంటుగానే మొదలు, మొదట్లో బత్తా డబ్బులే. ఆ ఖర్చుకి కొంత దాచుకోవాలి. ఫీజు కింద మొత్తం ఊడ్చిపెట్టేస్తే ఆ తర్వాత కృష్ణానగర్‌లో గది అద్దెకి ఎవరిస్తారు? హైదరాబాద్‌కి వెళ్లాల్సింది అప్పుడు, పని నేర్చుకుని వెళ్లాలి. మన పిల్లలకి ఒక లాభముంది. తెలుగుతోపాటు కన్నడమో తమిళమో ఒడియానో నోట్లో ఉంటుంది. ఒకే సినిమాని నాలుగు భాషల్లో తీస్తున్న ఈ రోజుల్లో అది చిన్న అర్హతేం కాదు.

అందరూ సినిమాకే వెళ్లరు. ఎక్కువమందికి అన్నం పెట్టేది పెళ్లిళ్లే. మూఢాల్లో, ఆషాఢంలో ముహూర్తాలుండవు, ఆ నెలల్లో స్టూడియో అద్దె జేబులోంచే. ఆల్బమ్ డిజైన్, ఎడిటింగ్, దుకాణాలకి వస్తువుల ఫొటోలు తెలిసినవాడే ఆ ఖాళీని నింపుకోగలడు. కోర్సు ఎంచుకునేటప్పుడు అవి సిలబస్‌లో ఉన్నాయో లేదో చూడండి. డ్రోన్ కూడా అంతే. 2021 నాటి నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని డబ్బు తీసుకుని ఎగరెయ్యాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. కాలేజీవాళ్లు డ్రోన్ నేర్పుతామంటే, ఆ సర్టిఫికెట్ ఫీజులో కలిపా విడిగానా అన్నది చేరకముందే అడగండి.