పేరు మనది.. కర్ర ఎవరిది?

హాకీ లీగ్ వేలంపై అభిమానుల తర్జనభర్జన

కాకినాడ: హాకీ ఇండియా లీగ్ వేలం ప్రస్తావన వచ్చిందంటే చాలు, అభిమానులు రెండు వర్గాలుగా చీలిపోవడం ఆనవాయితీగా మారింది. పేరు మోసిన ఆటగాడికి ఎంతైనా పెట్టవలసిందేనని ఒక వర్గం వాదిస్తుంటే, అదే సొమ్ముతో నలుగురు యువకులను తయారుచేసుకోవచ్చునని మరో వర్గం పట్టుబడుతోంది. తదుపరి వేలంలో ఎవరిని కొనాలి, ఎవరిని వదులుకోవాలి అన్న ఈ చర్చ జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ మైదానం చుట్టూ తిరిగే పూర్వ క్రీడాకారుల్లోను, వ్యాయామోపాధ్యాయుల్లోను మరింత గట్టిగా సాగుతోంది. అయితే వారి వాదోపవాదాల్లో చివరికి తేలకుండా మిగిలిపోతున్న ప్రశ్న వేరొకటి ఉంది. కొనదగిన ఆటగాళ్ల జాబితాలో తెలుగు పేర్లు ఎన్ని?

వేలం తీరు ఇదీ

2013లో మొదలై 2017 వరకు సాగిన హాకీ ఇండియా లీగ్ ఆ తర్వాత ఆగిపోయింది. సుమారు ఏడేళ్ల విరామం అనంతరం తిరిగి ప్రాణం పోసుకుంది. 2024 అక్టోబరు 13 నుంచి 15 వరకు న్యూఢిల్లీలో వేలం జరిగింది. పురుషుల విభాగంలో ఎనిమిది, మహిళల విభాగంలో నాలుగు జట్లు అందులో పాల్గొన్నాయి. పురుషుల జట్టు ఒక్కొక్కటి గరిష్ఠంగా 4 కోట్ల రూపాయలు, మహిళల జట్టు 2 కోట్ల రూపాయలు ఖర్చు చేయవచ్చు. జట్టులో 24 మంది ఉండాలి. వారిలో కనీసం 16 మంది భారతీయులు, ఎనిమిది మంది విదేశీయులు. భారతీయుల్లో నలుగురు జూనియర్లు తప్పనిసరి. ఆటగాళ్ల కనీస ధరను 10 లక్షలు, 5 లక్షలు, 2 లక్షల రూపాయలుగా మూడు అంచెల్లో నిర్ణయించారు.

అభిమానుల చర్చ అంతా సాధారణంగా పై అంచె చుట్టూనే తిరుగుతుంది. పత్రికల్లో పతాక శీర్షికలకెక్కేదీ అదే. జట్ల తలరాతను మార్చేది మాత్రం కింది అంచె అని గత ఫలితాలను నిశితంగా పరిశీలిస్తే బోధపడుతుంది.

తారల వాదం

2024 వేలంలో అత్యధిక ధర పలికిన ఆటగాడు భారత కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్. సూర్మా హాకీ క్లబ్ ఆయనను 78 లక్షలకు దక్కించుకుంది. అభిషేక్‌ను బెంగాల్ టైగర్స్ 72 లక్షలకు, హార్దిక్ సింగ్‌ను యూపీ రుద్రాస్ 70 లక్షలకు కొనుగోలు చేశాయి. విదేశీయుల్లో గొంజాలో పెయాట్‌కు హైదరాబాద్ తూఫాన్స్ 68 లక్షలు వెచ్చించింది. అర్జెంటీనా తరఫున 2016 రియో ఒలింపిక్స్ స్వర్ణం, జర్మనీ తరఫున 2023 ప్రపంచకప్ గెలిచిన అరుదైన ఆటగాడాయన.

ఈ ధరలకు కారణం లేకపోలేదు. హాకీలో పెనాల్టీ కార్నర్ మ్యాచ్‌ను మలుపు తిప్పే ఆయుధం. గోల్ రేఖ వద్ద నుంచి సహచరుడు నెట్టిన బంతిని వలయం వెలుపల ఆపి, కర్ర వంపులో లాగి విసిరే డ్రాగ్ ఫ్లికర్‌కు ఎదురుగా నిలిచేది గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురే. హర్మన్‌ప్రీత్, పెయాట్ ఇద్దరూ ఈ విద్యలో ఆరితేరినవారే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 10 గోల్స్‌తో హర్మన్‌ప్రీత్ అగ్రస్థానంలో నిలిచి, భారత్ కాంస్య పతకం సాధించడంలో కీలక పాత్ర పోషించారు. అటువంటి ఆటగాడు అందుబాటులో ఉన్నప్పుడు లెక్కలు చూసుకోవడం అవివేకమని తారల పక్షం వాదన.

నిబంధన మారితే ధర మారుతుందన్న సంగతిని కూడా ఇక్కడ గమనించాలి. 2016, 2017 సీజన్లలో లీగ్ ఫీల్డ్ గోల్‌ను రెండు గోల్స్‌గా లెక్కించింది. అప్పట్లో వలయంలోకి చొచ్చుకుపోయే ఫార్వర్డ్‌ల విలువ పెరిగింది. పునరుద్ధరించిన లీగ్‌లో ఆ నిబంధన లేకపోవడంతో డ్రాగ్ ఫ్లికర్లకు తిరిగి గిరాకీ ఏర్పడింది.

లెక్క ఏం చెబుతోంది?

4 కోట్లలో 78 లక్షలు ఒక్కరికే పోతే మిగిలేది 3 కోట్ల 22 లక్షలు. దానితో మరో 23 మందిని సమకూర్చుకోవాలి. తలకు సగటున 14 లక్షలు. హాకీలో ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకునే వీలుంది. వేగం తగ్గకుండా ఆడాలంటే ఆడే పదకొండు మందితో పాటు బయట కూర్చున్నవారూ సమవుజ్జీలై ఉండాలి. క్రికెట్ వేలానికి, హాకీ వేలానికి మౌలికమైన తేడా ఇక్కడే ఉంది.

2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన ఫైనల్ ఈ వాదానికి ఒక ఉదాహరణ. హైదరాబాద్ తూఫాన్స్‌పై బెంగాల్ టైగర్స్ 4-3తో గెలిచింది. విజేతకు హ్యాట్రిక్ అందించినది జుగ్‌రాజ్ సింగ్. వేలంలో ఆయన ధర 48 లక్షలు. పెయాట్ ధర కంటే 20 లక్షలు తక్కువ. 70 లక్షల హార్దిక్ ఉన్న యూపీ రుద్రాస్ సెమీఫైనల్‌కు చేరలేదు. అలాగని తారలు దండగ అనడానికీ వీలులేదు. విజేత బెంగాల్ టైగర్స్ సైతం అభిషేక్, జుగ్‌రాజ్ ఇద్దరికే 1 కోటీ 20 లక్షలు వెచ్చించింది. అంటే ధర గెలిపించలేదు, ధర ఓడించనూ లేదు. పెద్ద పేర్లు కొన్న తర్వాత మిగిలిన సొమ్మును ఎంత తెలివిగా పంచారన్నదే ఫలితాన్ని నిర్ణయించింది.

గోల్‌కీపర్ల విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. ఐర్లాండ్‌కు చెందిన డేవిడ్ హార్ట్‌ను తమిళనాడు డ్రాగన్స్ 32 లక్షలకు, జర్మనీకి చెందిన జీన్ పాల్ డానెబర్గ్‌ను హైదరాబాద్ తూఫాన్స్ 27 లక్షలకు తీసుకున్నాయి. ఈ రెండు జట్లూ సెమీఫైనల్స్ ఆడాయి. గోల్స్ కొట్టేవారి కంటే ఆపేవారు చవకగా దొరుకుతున్నారని అభిమానుల్లో అనుభవజ్ఞులు ఎత్తిచూపుతున్నది ఇందుకే.

యువకుల వాదం

ఇక రెండో పక్షం చూపే ఉదాహరణ అరైజీత్ సింగ్ హుందాల్. అప్పటికి జూనియర్ స్థాయిలోనే ఆడుతున్న ఈ ఫార్వర్డ్‌ను విశాఖపట్నం పేరిట బరిలోకి దిగిన టీమ్ గోనాసిక 42 లక్షలకు కొన్నది. ధర ఎక్కువైందని పలువురు పెదవి విరిచారు. వేలం ముగిసి రెండు నెలలు తిరగకముందే, 2024 డిసెంబరులో మస్కట్‌లో జరిగిన జూనియర్ ఆసియా కప్ ఫైనల్‌లో పాకిస్థాన్‌పై భారత్ 5-3తో గెలవగా, ఆ అయిదింటిలో నాలుగు గోల్స్ అరైజీత్ కొట్టినవే.

2025 నవంబరు, డిసెంబరు నెలల్లో చెన్నై, మదురైలలో జరిగిన జూనియర్ ప్రపంచకప్‌లో పి.ఆర్.శ్రీజేశ్ శిక్షణలోని భారత జట్టు అర్జెంటీనాను 4-2తో ఓడించి కాంస్యం గెలుచుకుంది. ఇకపై ఏ వేలం జరిగినా ఫ్రాంచైజీల చూపు ఆ జట్టు మీద పడక తప్పదని అభిమానుల అంచనా. అంతర్జాతీయ మ్యాచ్‌ల ఒత్తిడిని చవిచూసిన ఇరవై ఏళ్ల కుర్రాడు చాలా ఏళ్ల పాటు జట్టుకు ఉపయోగపడతాడు. నలుగురు జూనియర్ల నిబంధన లేకపోతే మాత్రం వారిలో ఎందరికి ఆడే అవకాశం దక్కేదన్నది అనుమానమే.

జట్టు పేరుకే మనది

తెలుగు అభిమానికి ఈ చర్చలో ప్రత్యేకమైన బాధ ఒకటి ఉంది. లీగ్ హాకీకి పురుడు పోసిన నేల ఇదే. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ తొలి ఏడాది పోటీలన్నీ హైదరాబాద్‌లోని గచ్చిబౌలి మైదానంలో జరిగాయి. తొలి విజేత కూడా హైదరాబాద్ సుల్తాన్స్ జట్టే. మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ వంటి ఫార్వర్డ్ హైదరాబాద్ వీధుల నుంచే వచ్చారు.

రెండు దశాబ్దాల తర్వాత పరిస్థితి తారుమారైంది. 2024-25 సీజన్ పోటీలు రూర్కెలా, రాంచీలలో జరిగాయి. 2025-26 పురుషుల పోటీలకు చెన్నై, రాంచీ, భువనేశ్వర్ వేదికలయ్యాయి. రన్నరప్‌గా నిలిచిన హైదరాబాద్ జట్టు సొంత ఊరిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. విశాఖ పేరుతో వచ్చిన జట్టు ఒక్క సీజన్‌తోనే కనుమరుగైంది. 2025-26 జాబితాలో విశాఖ పేరు లేదు. విశాఖ కుర్రాడికి తన ఊరి జట్టు ఆటను కళ్లారా చూసే భాగ్యం దక్కకుండానే ఆ జట్టు కథ ముగిసిపోయింది.

అడ్డంకి ఎక్కడ?

ప్రతిభ లేక కాదన్నది క్రీడా వర్గాల ఏకాభిప్రాయం. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మారుమూల పల్లె నుంచి వచ్చిన ఇటిమరపు రజని భారత మహిళల జట్టు గోల్‌కీపర్‌గా ఎదిగి, 2017 ఆసియా కప్ గెలిచిన జట్టులో సభ్యురాలయ్యారు. నిజామాబాద్ నుంచి యెండల సౌందర్య దేశానికి ప్రాతినిధ్యం వహించారు. ఇటువంటి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మాత్రమే ఉండటమే సమస్య.

మొదటి అడ్డంకి మైదానం. నేటి హాకీ సింథటిక్ టర్ఫ్ మీద ఆడే ఆట. తడిపిన టర్ఫ్‌పై బంతి నేలను ఒరుసుకుంటూ తిన్నగా దూసుకువస్తుంది. ఎర్రమట్టి పాఠశాల మైదానంలో అదే బంతి గులకరాయికి తగిలి ఎగురుతుంది. మట్టి మీద ఆడే పిల్లవాడు బంతి ఎటు ఎగురుతుందోనన్న భయంతో ఆపడం నేర్చుకుంటాడు. టర్ఫ్ మీద పెరిగిన పిల్లవాడు బంతిని ఆపకుండానే దిశ మార్చడం నేర్చుకుంటాడు. పద్నాలుగేళ్ల వయసులో ఏర్పడిన ఈ తేడాను పద్దెనిమిదేళ్లకు పూడ్చడం కష్టం. ఎంపిక పోటీలకు వారం ముందు టర్ఫ్ మీదకు తీసుకువెళ్లి సాధన చేయిస్తే ఒరిగేది స్వల్పమే.

పొరుగునే ఉన్న ఒడిశా ఈ విషయాన్ని ముందుగా గ్రహించింది. 2018 నుంచి భారత జట్లకు ప్రధాన ప్రాయోజక రాష్ట్రంగా నిలవడంతో ఆగిపోలేదు. హాకీకి పుట్టినిల్లుగా పేరొందిన సుందర్‌గఢ్ జిల్లాలో బ్లాకుకు ఒక సింథటిక్ మైదానం లక్ష్యంగా పెట్టుకుంది. 2023 ప్రపంచకప్ కోసం అదే జిల్లాలోని రూర్కెలాలో 20 వేలకు పైగా ప్రేక్షకులు కూర్చునే స్టేడియం నిర్మించింది. అక్కడి పల్లె పిల్లవాడు చూసే ఆట, ఆడే ఆట ఒకే నేల మీద సాగుతాయి.

కాకినాడకు ఆ దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2023 ఫిబ్రవరిలో 13వ జాతీయ సీనియర్ మహిళల హాకీ ఛాంపియన్‌షిప్‌కు ఈ నగరం ఆతిథ్యమిచ్చింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన జట్లు ఇక్కడ ఆడాయి. పోటీ ముగిశాక ఏడాది పొడవునా ఆ మైదానంలో ఎందరు గ్రామీణ పిల్లలు అడుగుపెడుతున్నారన్నదే అసలైన కొలమానం. పల్లె నుంచి నగరానికి రాకపోకల ఖర్చు, సరైన కర్ర, బూట్లు, గోల్‌కీపర్ రక్షణ సామగ్రి కొనలేని స్థితి, కూలికి వెళ్లే తల్లిదండ్రుల దినచర్య వంటివి ఏ వేలం జాబితాలోనూ కనిపించని అడ్డంకులు.

2 లక్షల వరుస

పై అంచె బేరాల్లో తెలుగు కుర్రాడికి ఇప్పట్లో చోటు దక్కకపోవచ్చు. అతని ఆశ కింది వరుసలో ఉంది. 2 లక్షల కనీస ధరకు అమ్ముడైన ఆటగాడు నెల రోజులకు పైగా ఒలింపిక్ పతక విజేతలతో కలిసి సాధన చేస్తాడు. విదేశీ శిక్షకుల కళ్లలో పడతాడు. రైల్వే, పోలీసు, బ్యాంకు వంటి సంస్థల జట్లలో క్రీడా కోటా ఉద్యోగానికి అతని పేరు పరిశీలనకు వస్తుంది. వ్యవసాయ కూలీ ఇంటి పిల్లవాడికి ఆ 2 లక్షల కంటే, దాని వెంట వచ్చే ఈ గుర్తింపే విలువైనది.

బాలికల విషయంలో పోటీ మరింత కఠినం. జట్లు నాలుగే కావడంతో ఉన్న స్థానాలు పురుషుల్లో సగం. ఖర్చు పరిమితి కూడా సగమే. 2024 వేలంలో మహిళల్లో అత్యధికంగా ఉదిత పలికిన ధర 32 లక్షలు. పురుషుల్లో అగ్రస్థానంతో పోలిస్తే సగం కూడా కాదు. రజని వంటి క్రీడాకారిణి ఎదిగివచ్చిన నేల నుంచి మరో పేరు వేలం పట్టికకు ఎక్కాలంటే పాఠశాల స్థాయిలోనే బాలికల జట్లను నిలబెట్టాలని వ్యాయామోపాధ్యాయులు కోరుతున్నారు.

హర్మన్‌ప్రీత్ ఎంత పలుకుతాడు, పెయాట్ ఏ జట్టుకు వెళతాడు అన్న ఆసక్తి సహజం. తప్పు పట్టవలసినదీ లేదు. తెలుగు జిల్లాల అభిమానులు మాత్రం తదుపరి వేలం పట్టికను పైనుంచి కాక కిందినుంచి చదవడం మొదలుపెట్టాలి. ఆ 2 లక్షల వరుసలో ధర్మవరం, కాకినాడ, నిజామాబాద్ పిల్లల పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. సున్నా వస్తే జిల్లా యంత్రాంగాన్ని, హాకీ సంఘాలను ప్రశ్నించవలసినది వేలం ముగిసిన ఆ రోజునే. జట్టు పేరులో హైదరాబాద్ ఉన్నంత మాత్రాన తెలుగు నేల హాకీ బతికి ఉన్నట్లు కాదు.