పలక రాత – శిలాశాసనం

మార్కాపురం పేరు చెప్పగానే పలక గుర్తుకు వస్తుంది. ఇక్కడి గనులలో పొరలు పొరలుగా లేచే రాతిని పలకలుగా మలచి దేశమంతటికీ పంపారు. రాతి మీదనే రాసినా పలక మీది అక్షరం తడిగుడ్డతో చెరిగిపోతుంది. ఉలితో చెక్కిన శాసనాక్షరం చెరగదు. కంప్యూటరు ప్రోగ్రాము రాసేవారికి కూడా ఈ రెండు రాతలూ ఉన్నాయి. ఒక విలువను కోడ్ నడుమనే చెక్కివేయడం హార్డ్‌కోడింగ్. దానికొక పేరు పెట్టి, విలువను వెలుపలి నుండి అందించడం పారామీటరు. లెక్కల పుస్తకాలలో దీనినే పరామితి అంటారు.

మొదటిది సులువు కనుక చేయి అటే పోతుంది. దాని మూల్యం ఎవరు చెల్లిస్తారో మా ప్రాంత చరిత్రే చెబుతుంది. 1969లో గిద్దలూరులో పుట్టిన వ్యక్తి కర్నూలు జిల్లావాడు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడగా ఆ జిల్లావాడయ్యాడు. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. 2025 చివర మార్కాపురం జిల్లా వచ్చింది. ఆయన ఇల్లు కదలలేదు. చిరునామాలో నాలుగు జిల్లాల పేర్లు చేరాయి. రాష్ట్రం సంగతీ అంతే. 23 జిల్లాల ఆంధ్రప్రదేశ్ 2014లో విడిపోగా 13 మిగిలాయి. 2022 ఏప్రిల్ 4న అవి 26 అయ్యాయి. 23 అన్న అంకెను కోడ్‌లో పాతికచోట్ల చెక్కినవాడు పాతికచోట్లా వెదకాలి. వెదకడమైనా తేలిక కాదు. కనబడిన ప్రతి 23 జిల్లాల సంఖ్య కాకపోవచ్చు. అది ఒక తేదీయో, ఒకరి వయస్సో కావచ్చు. ఒక్కచోట మరచినా, దరఖాస్తు తెర మీద తన జిల్లా పేరు కానరాక వెనుదిరిగేది కంభం నుండి బస్సెక్కి వచ్చిన విద్యార్థి; ప్రోగ్రాము రాసినవాడు కాదు.

అట్లని సమస్తాన్నీ పారామీటర్లు చేయమనను. నిమిషానికి 60 సెకన్లన్న సంగతిని వెలుపలి నుండి అందించడం వృథాశ్రమ. పైగా ఎవరైనా పొరపాటున 6 అని ఇస్తే లెక్కంతా తారుమారవుతుంది. ముప్పై పారామీటర్ల ఫంక్షన్‌ను చదవడం కంటే ప్రబంధ సమాసాన్ని విప్పడం తేలిక!

నాకు తెలిసిన శాస్త్రం ఛందస్సు. యతిని పరీక్షించే ప్రోగ్రాము ఒకటి రాయాలనుకుందాం. ఉత్పలమాలకు 10, చంపకమాలకు 11, శార్దూలానికి 13, మత్తేభానికి 14వ అక్షరం యతిస్థానం. నాలుగు వృత్తాలకు నాలుగు ప్రోగ్రాములు అక్కరలేదు. యతిస్థానాన్ని పారామీటరు చేస్తే ఒక్కటి చాలు. అయితే ఆ అక్షరం మైత్రి పాటించవలసింది నాలుగింటిలోనూ పాదం మొదటి అక్షరంతోనే. ఆ 'ఒకటి'ని కోడ్‌లోనే నిక్షేపంగా చెక్కవచ్చు.

కనుక ఉలి పట్టే ముందు, ఈ విలువను మార్చే అధికారం ఎవరికుందని అడగాలి. ప్రభుత్వ ఉత్తర్వుతో మారేది పలక మీదనే ఉండాలి. జిల్లా విషయంలో అదీ చాలదు. గిద్దలూరు వ్యక్తి పాత పత్రంలోని కర్నూలును నేటి పేరుతో దిద్దితే, సరైనదాన్ని చెరిపినట్లవుతుంది. ఏ ఊరు ఏ తేదీ నుండి ఏ జిల్లాలో ఉందో ఒక పట్టికలో ఉంచి, ఊరినీ తేదీనీ రెండింటినీ పారామీటర్లుగా అడిగేట్లు ఆ ప్రోగ్రామును రాయాలి.