మెదడులోని క్రిమికి పేరు తేలవలసిందే

మూర్ఛ వచ్చిన బిడ్డ మెదడులో బద్దెపురుగు తిత్తి ఉన్నదని చెప్పగానే, మా గుండుగొలను పరిసరాల శాకాహార కుటుంబాలవారు మొదట అడిగేది ఒకటే: "మాంసమే ముట్టము గదా, పందిమాంసపు పురుగు మా ఇంటికెలా వచ్చిందండీ?" సరిగా ఉడకని పందిమాంసం వలన వచ్చేది ప్రేగులలో పెరిగే పెద్దపురుగు. మెదడులో తిత్తికి కారణం ఆ పురుగు గ్రుడ్లు. పురుగును కడుపులో మోస్తున్న మనిషి మలం నుండి అవి కడగని చేతుల ద్వారా, మురుగునీరు తగిలిన ఆకుకూరల ద్వారా ఎవరి నోటికైనా చేరవచ్చు. ప్రేగులలో పిల్లపురుగు వెలువడి, రక్తంతో మెదడుకు పోతుంది.

ఒకప్పుడు మన దేశంలో ఇటువంటి చిన్న గడ్డలను క్షయ గడ్డలని భావించి నెలల తరబడి క్షయ మందులు వాడించేవారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ చాండీ, డాక్టర్ రాజశేఖర్ ప్రభృతులు గడ్డలను తీసి పరీక్షించి, వాటిలో అనేకం బద్దెపురుగు తిత్తులేనని 1989లో ప్రకటించారు. అయితే తిత్తి చచ్చి శిథిలమైతే సూక్ష్మదర్శినిలో పురుగు ఆనవాలు దొరకదు. అక్కడే డీఎన్‌ఏ పరీక్ష అక్కరకు వస్తుంది. మైనపు దిమ్మెలో భద్రపరచిన కణజాలంలో సైతం పురుగు డీఎన్‌ఏ తునకలు మిగిలి ఉండవచ్చు. వాటిని బట్టి అది ఏ జాతి పురుగో చెప్పవచ్చు. మలపరీక్షలోనూ ఇంతే. పందిమాంసపు పురుగు గ్రుడ్లు, గొడ్డుమాంసపు పురుగు గ్రుడ్లు కంటికి ఒకేలా ఉంటాయి. మెదడుకు ముప్పు మొదటిదానితోనే. కనుక ఇంట్లో ఆ పురుగును మోస్తున్నదెవరో తేలడం ముఖ్యం.

"శిరస్సులో క్రిములను చరకుడే చెప్పాడు, ఈ పరీక్షలెందుకు?" అనే సాటి వైద్యులున్నారు. క్రిమిజ శిరోరోగం మన గ్రంథాలలో ఉన్న మాట నిజమే. ఆ వర్ణనను ఈ తిత్తికి అంటగట్టడం నాకు సమ్మతం కాదు. చరకుడు ఇరువది విధాల క్రిములను వేరుచేసి చెప్పినది, చూడకుండా ఒకే చూర్ణం ఇమ్మని కాదు గదా!

ప్రతి రోగికీ ఈ పరీక్ష అవసరం లేదు. చాలామందిలో స్కానింగ్‌తోనే రోగం తెలుస్తుంది. పరీక్ష కోసమని తల తెరిపించుకోనక్కరలేదు. కాని మూర్ఛ ఉన్నవారికి స్కానింగ్ కాకుండా వాయువిడంగాలు గాని, అంగడిలో దొరికే పురుగుల బిళ్ళ గాని ఇంట్లో ఇవ్వకండి. బిళ్ళకు మెదడులోని తిత్తి చస్తూ వాపు కలిగితే మూర్ఛలు హెచ్చవచ్చు. ఇదివరకే శస్త్రచికిత్స జరిగి, గడ్డ ఏమిటో తేలనివారు ఆ మైనపు దిమ్మె ఆసుపత్రిలో ఉన్నదేమో విచారించి, డీఎన్‌ఏ పరీక్షకు వీలుందా అని వైద్యుని అడగండి.