మట్టిబొమ్మ చెప్పని మాట

బాలలూ! కొండాపూరు అనగానే మీకు ఆకాశాన్నంటే మేడలూ, అద్దాల ఆఫీసులూ గుర్తుకు వస్తాయి గదా? ఒకప్పుడు అదీ పల్లెటూరే. పక్కనున్న మాదాపూరులో 1992లో శిల్పారామం వెలిసింది. 1998లో ఆ చేరువనే సైబర్ టవర్స్ తెరిచారు. ఆ తరువాత ఆ చుట్టుపక్కల ఊళ్ల రూపే మారిపోయింది.

శిల్పారామంలో పల్లె బతుకును చూపే ప్రదర్శనశాల వున్నది. గుడిసెల్లో నిలువెత్తు బొమ్మలు పని చేసుకుంటున్నట్టే వుంటాయి. పనివాడు ఎలా కూర్చునేవాడో, ఏ పనిముట్టు పట్టేవాడో వాటిని చూస్తే తెలుస్తుంది. కాని, "నీ ఊరు విడిచి ఇక్కడికెందుకు వచ్చావయ్యా?" అని అడిగితే బొమ్మ పలకదు. ఆ సంగతి ఒక పాటగాడు చెప్పారు.

ఆయన గోరటి వెంకన్న. నాగర్‌కర్నూలు జిల్లా గౌరారంలో 1963లో పుట్టారు. తండ్రి పల్లెపదాలు పాడేవారు, తల్లి మంగళహారతులు పాడేది. ఇల్లే ఆయనకు పాటలబడి! మాట తానే కట్టి, వరస తానే కూర్చి, తానే పాడతారు. ఇలాంటివారిని వాగ్గేయకారులంటారు. త్యాగరాజస్వామిని కూడా మనం ఆ మాటతోనే పిలుస్తాం.

2002లో వచ్చిన "కుబుసం" చిత్రంలో పల్లె కన్నీటిని గురించి ఆయన రాసిన పాట వున్నది. కుమ్మరి వాము పాడుపడింది. కమ్మరి కొలిమి చల్లారింది. వడ్రంగి బాడిసె మొద్దువారింది. సాలెల మగ్గం విరిగింది అని ఆ పాట ఒక్కొక్క ఇంటి గడపా తొక్కి చెబుతుంది. చరణం కాగానే పల్లవి మళ్లీ వస్తుంది. విన్నవాళ్లు వంత కలుపుతారు. అందుకే చదువురానివారికి కూడా పాట నోటికి వచ్చేస్తుంది.

ఎందుకిలా అయింది? కుండకు బదులు సత్తుగిన్నె, ప్లాస్టిక్ బిందె వచ్చాయి. నాగలికి బదులు ట్రాక్టరు, చేమగ్గానికి బదులు మరమగ్గం వచ్చాయి. మరి యంత్రం చెడ్డదా? కాదు. రైతుకు శ్రమ తగ్గింది, గుడ్డ చౌక అయింది. కాని నాగళ్లు చేసిన వడ్రంగి ఇంట పొయ్యి ఎలా వెలగాలి? ఆ ప్రశ్న మరచిపోకుండా చూడటమే పాట చేసే పని.

పని పోతే దాని మాటలూ పోతాయి. సారె అంటే కుండలు చేసే చక్రం, వాము అంటే కుండలు కాల్చే చోటు, తిత్తి అంటే కొలిమిలో గాలి ఊదేది, నాడె అంటే మగ్గంలో అటూయిటూ పరుగెత్తేది. వీటిలో ఎన్ని మీకు ముందే తెలుసు?

వెంకన్న గారి "వల్లంకి తాళం" పుస్తకానికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పల్లెపాట కట్టిన వ్యక్తి పేరు అలా పుస్తకం మీద నిలిచింది. కాని తిరగలి తిప్పుతూ, నాట్లు వేస్తూ పాటలు కట్టిన ఆడవాళ్లెందరి పేర్లో మనకు దక్కలేదు.

అందుచేత ఈ నెల ఒక పని చేయండి. మీ అమ్మమ్మనో, నాయనమ్మనో, మీ మేడ కట్టడానికి వచ్చిన తాపీపనివారి ఇంటి అవ్వనో ఒక పాట పాడమని అడగండి. ఆమె పలికినట్టే రాసుకోండి, "తప్పు" అని దిద్దవద్దు. ఆమె ఒప్పుకుంటే, పాట కింద ఆమె పేరు, ఊరు తప్పక రాయండి.