సహజమైన విషం

మగవాళ్లలో వీర్యకణాలు తగ్గిపోతున్నాయన్న వార్త వచ్చినప్పుడల్లా మన దగ్గర ముద్దాయిలు సిద్ధంగా ఉంటారు: పురుగుమందులు, యూరియా, ప్లాస్టిక్, జేబులో సెల్‌ఫోన్. ఆ వెంటనే తీర్పు కూడా వచ్చేస్తుంది. తాతల కాలంలోలా మందు కొట్టని తిండి తింటే ఈ బాధలేవీ ఉండవట! ప్రకృతి వైద్యుల ఉపన్యాసాల నుంచి గానుగ నూనె సీసాల ప్రచారం దాకా అంతా ఇదే పాట. పురుగుమందులను వెనకేసుకురావడం నా పని కాదు, వాటి మీద ఉన్న కేసు బలమైనదే. నా పేచీ అల్లా, విషమంటే ఫ్యాక్టరీలోనే పుడుతుందనీ మట్టిలో పుట్టింది హాని చెయ్యదనీ నమ్మే నమ్మకంతోనే.

వేరుశనగ, మొక్కజొన్న, ఎండుమిర్చి మీద పెరిగే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లాటాక్సిన్‌ను తయారుచేస్తుంది. దాన్ని ఏ కంపెనీ తయారుచెయ్యలేదు, ఏ డీలరూ అమ్మలేదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. ఆరా తీస్తే తప్పు వాటి దాణాలో కలిపిన వేరుశనగ చెక్కదని తేలింది. 1974లో రాజస్థాన్, గుజరాత్‌లలోని గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని, కాలేయం దెబ్బతిని వంద మందికి పైగా చనిపోయారు. ఆ సంగతి పరిశోధించి లోకానికి చెప్పింది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. చనిపోయినవాళ్లు తిన్నది ప్యాకెట్ తిండి కాదు, రోజూ రొట్టె చేసుకునే గింజే.

కాలేయం సంగతి డాక్టర్లైనా చెబుతారు. వృషణాల సంగతే ఎవరూ ఎత్తరు. మగ ఎలుకలకు, కుందేళ్లకు అఫ్లాటాక్సిన్ పెట్టి చేసిన ప్రయోగాల్లో టెస్టోస్టిరాన్ తగ్గింది, వీర్యకణాల సంఖ్య పడిపోయింది, ఉన్నవాటిలో చురుకు తగ్గింది, వంకర కణాలు పెరిగాయి. వీర్యకణం పైపొరలో అసంతృప్త కొవ్వు ఎక్కువ. ఈ విషం వల్ల ఒంట్లో పుట్టే ఆక్సీకరణ ఒత్తిడి మొదట దెబ్బతీసేది అలాంటి పొరల్నే.

జియరలెనోన్ కథ ఇంకా విడ్డూరం. మొక్కజొన్న కంకుల మీద వచ్చే ఫ్యూజేరియం బూజు దీన్ని తయారుచేస్తుంది. ఒంట్లోకి వెళ్లాక ఇది ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ కూర్చునే చోట కూర్చుని, దాని పనే చేస్తుంది. పందులు పెంచేవాళ్లకు ఇది పాత తలనొప్పే: బూజు దాణా తిన్న ఆడ పందిపిల్లలకు ఎదకు రాకుండానే మర్మాంగం వాస్తుంది, పోతుపిల్లల్లో వృషణాలు సరిగా ఎదగవు. దీని నుంచే తయారైన జెరనాల్‌ను అమెరికాలో పశువులు త్వరగా బరువెక్కడానికి వాడారు, యూరప్ నిషేధించింది. మన ఊళ్లలో మాత్రం బ్రాయిలర్ కోడికి హార్మోన్ ఇంజక్షన్లు పొడుస్తారనీ, అది తింటే మగతనం పోతుందనీ పెద్ద పెద్ద చదువులవాళ్లు కూడా వాట్సాప్‌లో పంచుకుంటారు. వేల కోళ్లున్న షెడ్డులో ఒక్కోదాన్ని పట్టుకుని సూది పొడిచే తీరిక ఎవరికుంది? హార్మోన్‌లా పనిచేసే పదార్థం నిజంగా ఉన్నది తడిసిన మొక్కజొన్నలో. దాన్ని మాత్రం ఎవరూ అనుమానించరు.

మరి మనుషుల మాటేమిటి? సాక్ష్యం తక్కువే. నైజీరియాలోని బెనిన్ నగరంలో పిల్లలు కలగని మగవాళ్ల వీర్యంలో అఫ్లాటాక్సిన్ మిగతావాళ్లలో కంటే ఎక్కువ కనబడిందని 1994లో అక్కడి పరిశోధకులు ప్రచురించారు. అది చిన్న అధ్యయనం. ఈ విషమే కారణమని దానితో రుజువు కాదు. కానీ సెల్‌ఫోన్‌ను ముద్దాయిని చెయ్యడానికి ఈపాటి సాక్ష్యంతోనే సరిపెట్టుకున్నవాళ్లు, బూజు దగ్గరకొచ్చేసరికి పక్కా రుజువు అడగడం ఏం న్యాయం?

ఉడికిస్తే పోతుందిలే అంటారు. ప్రెషర్ కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దగ్గర ఆగుతుంది. అఫ్లాటాక్సిన్ విడిపోవాలంటే 230 డిగ్రీలు దాటాలి. బూజు తుడిచి ఎండలో పోస్తే బూజు పోతుందేమో, గింజలోకి దిగిన విషం అక్కడే ఉంటుంది. వేయిస్తే కొంత తగ్గుతుంది, అంతే. ఇక గానుగ నూనె: నూనెను శుద్ధిచేసే పద్ధతిలో క్షారంతో కడగడం వల్ల, రంగు తీయడం వల్ల ఈ విషం దాదాపు పోతుంది. గానుగలో ఆ దశలేవీ లేవు. కాబట్టి గానుగలో పోసిన పప్పు ఎంత మంచిదో నూనె కూడా అంతే మంచిది. ముడుచుకుపోయిన, రంగు మారిన పప్పును ఏరకుండా ఆడిస్తే ఎద్దు తిప్పిన గానుగైనా ఒకటే.

అనంతపురం లాంటి చోట్ల కోతకు ముందు బెట్ట తగిలితే వేరుశనగ కాయ భూమిలో ఉండగానే ఆస్పర్జిల్లస్ బూజు పడుతుంది. పీకాక వామి మీద వాన కురిస్తే ఇంకా పెరుగుతుంది. దానికి తోడు పప్పు చిట్లకూడదని మిషన్‌లో వేసే ముందు కాయల మీద నీళ్లు చల్లే అలవాటొకటి. తాలు, పుచ్చు గింజలు చెక్కయి గేదె తొట్టిలోకి వెళతాయి. ఆ విషం రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది. పురుగుమందు కొట్టని చేలో పండినా, కొట్టిన చేలో పండినా ఈ దారి మారదు.

నేరుగా తినే వేరుశనగ పప్పుకు మన ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు కిలోకు 10 మైక్రోగ్రాములు. అలాంటి పప్పుకే యూరప్ పెట్టింది 4. ఎగుమతయ్యే పప్పుకు ల్యాబ్ పరీక్ష తప్పనిసరి. మనం సంతలో కొనే పప్పును ఆ కంటితో చూసేవాళ్లు లేరు. అఫ్లాటాక్సిన్ పరీక్షను చవగ్గా చేసే కిట్లను పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఎప్పుడో తయారుచేసింది. రెండు తెలుగు ప్రభుత్వాలూ మార్కెట్ యార్డుల్లో తేమ కొలిచే మీటరు పక్కన ఆ పరీక్షను కూడా పెట్టాలి. కాయలు తడిపి మిషన్ పట్టించడాన్ని ఆపించాలి. అందాకా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. చేదుగా తగిలిన పల్లీని మొహమాటపడకుండా ఉమ్మేయండి, ఏరిన పుచ్చు గింజల్ని గేదెకు మాత్రం పెట్టకండి.