నేలను బట్టి ఇల్లు... నిధుల లెక్కలో ఏదీ చోటు?

ప్రధానమంత్రి ఆవాస్ యోజన (గ్రామీణ్) కింద 2028-29 నాటికి మరో 2 కోట్ల ఇళ్లు కట్టాలని కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో నిర్ణయించింది. వంటచోటుతో కలిపి ఇంటి కనీస విస్తీర్ణం 25 చదరపు మీటర్లు. మైదాన ప్రాంతాల్లో కేంద్ర, రాష్ట్రాల సాయం రూ.1.20 లక్షలు, కొండ ప్రాంతాలు, ఈశాన్య రాష్ట్రాలు తదితర చోట్ల రూ.1.30 లక్షలు. 2016లో పథకం మొదలైనప్పటి మొత్తాలే ఇవి. ఎడారి అంచునున్న కచ్, తుపానులు తాకే కృష్ణా డెల్టా... ఈ లెక్కలో రెండూ ఒకటే.

నేల మాత్రం ఆ తేడాను మరచిపోదు. 2001 జనవరి 26న కచ్‌ను భూకంపం కుదిపేసినప్పుడు, సరిగా కట్టిన ‘భుంగా’లు చాలావరకు నిలిచాయి. గుండ్రటి గోడకు విడిపోయే మూలలుండవు. పైకప్పు తేలిక. మందపాటి మట్టిగోడ పగటి వేడిని త్వరగా లోపలికి రానివ్వదు. కోస్తాంధ్ర చుట్టిల్లుదీ ఇదే తరహా తెలివి. కిందికి వాలిన చూరు, గుండ్రటి గోడ గాలి దెబ్బను తగ్గిస్తాయి.

అలాగని పాత ఇంటికే తిరిగి వెళ్లాలనడం సరికాదు. తాటాకు కప్పును తరచూ మార్చాలి, నిప్పంటుకుంటే బూడిదే. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన లాంటిది వస్తే చుట్టిల్లూ ఆగదు. అక్కడ కావాల్సింది ఎత్తయిన పునాది, దగ్గర్లో తుపాను ఆశ్రయం. పేద కుటుంబం శ్లాబు ఇల్లు కోరుకోవడంలో తప్పేమీ లేదు. పగలంతా ఎండను పీల్చి రాత్రి వేడిని దింపే శ్లాబును ఎలా చల్లబరచాలన్నదే అసలు ప్రశ్న.

ప్రాంతాలకు తగిన ఇళ్ల నమూనాలతో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ‘పహల్’ అనే సంకలనం తెచ్చింది. తాపీమేస్త్రీలకు శిక్షణ ఇచ్చే ఏర్పాటూ పథకంలో ఉంది. చిక్కంతా డబ్బు దగ్గరే. సాయం చాలనప్పుడు ముందుగా కోత పడేది పునాది ఎత్తుకు, ఎండాపే చూరుకు, ఎదురెదురు కిటికీలకు. ఇంటిని నేలతో కలిపేవి ఇవే.

కాబట్టి సాయాన్ని మైదానం, కొండ అని కాక వరద, గాలి, ఎండ, భూకంప ముప్పును బట్టి లెక్కించాలి. పునాది ఎత్తును స్థానిక వరదమట్టంతో ముడిపెట్టాలి. తెలంగాణ 2023లోనే చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. ఎండ మండే జిల్లాల్లో శ్లాబుపై తెల్లపూత ఖర్చునూ సాయంలో చేర్చాలి. లేదంటే కాగితంపై పక్కా ఇల్లు, వేసవి రాత్రి ఆరుబయట మంచం... పేదలకు మిగిలేది ఇదే.