గట్టి యాక్సిల్ ఒక్కటే చాలదు

కారు పికప్ పెంచాలని ఇంజిన్ ట్యూన్ చేయిస్తారు, గట్టి యాక్సిల్ కొంటారు. దానికి పాత సీవీ జాయింట్లే తగిలిస్తారు. ఆగండి! ఒకచోట బలం పెంచితే దెబ్బ పక్క భాగం మీద పడుతుంది. ముందు జాయింట్ విప్పి గ్రీజు కడిగి చూడండి. బాల్స్ తిరిగే గాడుల్లో గుంటలుంటే పక్కన పడేయండి. స్ప్లైన్ పళ్లు లెక్కపెట్టండి. సర్‌క్లిప్ కూర్చున్నాక లాగి చూడండి. చినిగిన రబ్బరు బూటులోకి మన కర్నూలు దుమ్ము దూరిందంటే జాయింట్ అరిగిపోతుంది, మలుపులో టకటకమంటుంది.

బీటెక్‌లో నేను ఈ జాయింట్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నా. చేత్తో విప్పింది మాత్రం పట్టా వచ్చాకే, మెకానిక్ షెడ్డులో. మీరు అంతదాకా ఆగొద్దు. బాహా ఎస్‌ఏఈ ఇండియా లాంటి పోటీలకు వెళ్లే కాలేజీ టీమ్‌లో చేరండి. యాక్సిల్ ఎందుకు విరిగిందో చూసి తెలుసుకున్నవాడు ఇంటర్వ్యూలో తడబడడు.